జున్నుపాల బాకీ

మా అక్కయ్య కూతురు పశువైద్య కళాశాలలో చేరిందని తెలియగానే బంధువర్గంలో సగంమంది ఓదార్పుకి బయలుదేరారు. "పోనీలే, డాక్టరే కదా" అన్నవాళ్ళు కొందరు. "ఎంబిబిఎస్ సీటు ఎన్ని మార్కుల్లో పోయింది?" అని ఆరా తీసినవాళ్ళు కొందరు. "ఆడపిల్ల గేదెల వెనకాల తిరగడమేమిటమ్మా, రేపు పెళ్ళిచూపుల్లో ఏమని చెబుతారూ?" అని బుగ్గలు నొక్కుకున్న పెద్దావిడ ఒకరు. ఆ మాట అంటున్నంతసేపూ ఆవిడ మా అక్కయ్య ఇచ్చిన కాఫీ తాగుతూనే వుంది. అందులో పాలు ఏ చెట్టునించి కోసుకొచ్చారనుకుందో మరి!

నేను మాత్రం సంబరపడ్డాను. బి.ఏ. చదివినదాన్ని. మా కాలేజీలో కప్పల్ని కోసే గది ముందునించి నడవాలంటే ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తేదాన్ని. సైన్సుతో నా పరిచయం ఆ వాసనతోనే ఆగిపోయింది. మా ఇంట్లోంచి ఒక పిల్ల ఆ గదిలోపలికి వెళ్ళబోతోందంటే నాకు గర్వంగానే వుండింది.

చేరిన రెండునెలలకి ఒక రాత్రిపూట ఫోను చేసింది.

"పిన్నీ, నేనిక్కడ చదవలేను. అమ్మకి చెప్పకు, ముందు నీకే చెబుతున్నాను."

హాస్టలు భోజనమేమో అనుకున్నాను. ఎవరైనా ఏడిపిస్తున్నారేమో అని కూడా అనుకున్నాను. అవేమీ కావట. అనాటమీ హాల్లో బల్లమీద ఒక దున్నదూడ. ఫార్మలిన్ పట్టించి, చెడిపోకుండా నిలవచేసిన శరీరం. దాని కండరాలూ నరాలూ ఒక్కొక్కటే విడదీసి పేర్లు నేర్చుకోవాలి.

"భయమేసిందా?" అన్నాను.

"మొదటిరోజు వేసింది. ఏడ్చాను కూడా. తర్వాత అలవాటైపోయింది. ఇవాళ పక్కమ్మాయితో సినిమా కబుర్లు చెబుతూ కోశాను పిన్నీ. హాస్టలుకొచ్చి చేతులు కడుక్కుంటూంటే అప్పుడు గుర్తొచ్చింది, నేను నవ్వుతూ కోశానని. అలవాటైపోయిందనే నాకిప్పుడు ఏడుపొస్తోంది."

నేనేదో అనబోయాను. అది ఆగలేదు.

"మనుషులైతే, పోయాక నా శరీరం కాలేజీకిచ్చెయ్యండి అని సంతకంపెట్టి వెళ్ళేవాళ్ళుంటారు. ఈ దూడని ఎవరడిగారు?"

పెద్దవాళ్ళం కదా, జవాబు లేదని ఒప్పుకోవడం మనకి చేతకాదు. నేను లెక్కలు చెప్పాను. "ఒక్క దూడ పోయిందని చూస్తున్నావు గాని, అది నేర్పిన విద్యతో రేపు నువ్వు వెయ్యి గేదెల్ని బతికిస్తావు తల్లీ" అన్నాను. నాటకంలో ఆఖరి డైలాగులా పలికిందని నాకే ముచ్చటేసింది.

అది కాసేపు మాట్లాడలేదు. "లెక్క బాగానే వుంది పిన్నీ. కాని ఆ వెయ్యిలో ఇది లేదుగా" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక ప్రాణి బాధ తీర్చడం నేర్చుకోడానికి ఇంకో ప్రాణిని వాడుకోవచ్చునా? వాడుకుంటూపోతే మనసు మొద్దుబారుతుంది. మనసు మెత్తగా వుంటే చెయ్యి వణుకుతుంది. వణికే చెయ్యి కత్తి పట్టడానికి పనికిరాదు, నిజమే. మరి మొద్దుబారిన మనసు దేనికి పనికొస్తుంది?

ఈ తగువు మా అమ్మాయితో మొదలైంది కాదు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో క్లోద్ బెర్నార్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడుండేవాడు. మన కాలేయం చక్కెరని తయారుచేస్తుందనీ, దాన్ని వేరే రూపంలో నిలవచేసుకుంటుందనీ లోకానికి చెప్పింది ఆయనే. ఆ సంగతులు తెలుసుకోడానికి బతికున్న జంతువుల్ని కోశాడు. ఆ పరిశోధనలకి మొదట్లో ఆసరా అయింది భార్య తెచ్చిన కట్నం. చివరికి ఆ భార్యే ఆ కోతలు సహించలేక ఆయన్నించి విడిపోయింది. కూతుళ్ళూ తల్లిపక్షమే చేరారు. ఆయన కుక్కల్ని కోస్తూంటే వాళ్ళు దిక్కులేని కుక్కల్ని చేరదీశారు.

ఎవరిది ధర్మం? చిన్నప్పుడైతే ఆవిడదే అని ఠక్కున చెప్పేదాన్ని. ఇప్పుడు అంత తొందరగా చెప్పలేను. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టినప్పుడూ బలైనవి కుక్కలే. మన ఇళ్ళల్లో షుగరు జబ్బున్న పెద్దవాళ్ళు పొద్దున్నే సూది పొడుచుకుని ఇడ్లీ తింటున్నారంటే, అది పేరైనా తెలియని ఆ కుక్కల చలవే. ఆవిడ కన్నీళ్ళు నిజం. ఆయన కనిపెట్టిందీ నిజమే. ఫ్రాన్సులో ఆ మొగుడూ పెళ్ళాం విడిపోయి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. పశువైద్యం చదివే పిల్లకి ఆ వెసులుబాటు లేదు. ఆ ఇద్దరూ దాని ఒక్క గుండెలోనే కాపురం చెయ్యాలి.

పోనీ, ఈ చదువు పశువులమీద ప్రేమతో పుట్టిందా అంటే అదీ కాదు. లోకంలో మొట్టమొదటి పశువైద్య పాఠశాల ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1761లో ఏర్పడింది. స్థాపించినాయన క్లోద్ బూర్గెలా. అప్పుడు యూరప్‌లో పశువులు మందలు మందలుగా చచ్చిపోతున్నాయి. మన పల్లెల్లో ముసర అనీ, పెద్దరోగం అనీ పిలిచిన మహమ్మారే అది. పశువు చస్తే నాగలి ఆగుతుంది, పాలు ఆగుతాయి, పన్నులు ఆగుతాయి. అందుకని రాజుగారు అనుమతిచ్చారు. స్వార్థంతో మొదలైన చదువేనన్నమాట. కాని సరిగ్గా 250 ఏళ్ళకి, 2011లో, ముసర వ్యాధి భూమిమీద లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు పూర్తిగా తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే. స్వార్థంతో నాటిన చెట్టు కూడా ఒక్కోసారి ధర్మమైన కాయే కాస్తుంది.

మా అమ్మాయి సంపాదించబోయే డిగ్రీ పేరులోనే ఈ రెండూ వున్నాయి. వెటర్నరీ సైన్స్ అండ్ యానిమల్ హస్బెండ్రీ. అంటే పశువైద్యమూ, పశుపోషణా. అయిదున్నరేళ్ళ చదువు. ఒక క్లాసులో గేదె రోగి. పక్క క్లాసులో అదే గేదె, ఎంత మేస్తే ఎన్ని లీటర్లు ఇస్తుందనే పద్దు. ఇంకో క్లాసులో మాంసం తనిఖీ. మనుషుల డాక్టరుకి రోగి బాధ రోగే చెబుతాడు, చాలాసార్లు ఫీజూ తనే ఇచ్చుకుంటాడు. ఇక్కడ బాధ ఒకరిది, మాట్లాడేది ఇంకొకరు, డబ్బిచ్చేదీ ఆ ఇంకొకరే. "దీనికి మందులు దండగ, వదిలేద్దాం" అని యజమాని అంటే రోగి తరఫున వాదించేదెవరు?

సరే, ఆ ఫోను సంగతి. "ఈ ఏడాదికి ఓపిక పట్టు, అప్పటికీ చదవలేనంటే నేనే మీ అమ్మతో మాట్లాడతాను" అన్నాను. ఓపికపట్టింది. మూడో ఏడు సంక్రాంతి సెలవులకి మేమందరం మా అమ్మ దగ్గరికి పల్లెకి వెళ్ళాం.

మా అమ్మకి చుక్కమ్మ అని ఒక గేదె వుంది. నుదుటిమీద తెల్లమచ్చ వుంటుందని ఆ పేరు. మేం వెళ్ళేసరికి అది ఈని ఒక పూటే అయింది. నాలుగో ఈత. అమ్మ పొదుగు ఆఖరిచుక్కదాకా పితికి, జున్నుపాలు వీధిలో ఇంటింటికీ పంచింది. మాకూ బెల్లం, మిరియాలపొడి వేసి గిన్నెడు జున్ను వండింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నానని కూడా ఇక్కడే చెప్పుకోవడం న్యాయం.

మర్నాడు పొద్దున్న చుక్కమ్మ లేవలేదు. మెడ పక్కకి వంచి, తల డొక్కమీద వాల్చేసింది. చెవులు చల్లబడిపోయాయి. నిమిషాల్లో వీధంతా పాక ముందు చేరింది. దిష్టి తగిలిందన్నారొకరు. గాలి సోకిందన్నారు ఇంకొకరు. మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పక్కింటాయన గబగబా వాము కషాయం కాయించి, వెదురుగొట్టంలో పోసి, ఇద్దరు మనుషులచేత చుక్కమ్మ తల పైకెత్తించాడు. అక్కడ జాలిలేని మనిషి ఒక్కరు లేరు.

"పొయ్యొద్దు! ఆగండి!" అని అరిచింది మా అమ్మాయి. అంత గట్టిగా అరవగలదని నాకప్పటిదాకా తెలియదు.

చుక్కమ్మకి ఒంట్లో కండరాలన్నీ పట్టుతప్పి వున్నాయట, మింగే శక్తి లేదట. ఆ స్థితిలో గొట్టంతో పోస్తే కషాయం పొట్టలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోగంతో చావని గేదె వైద్యంతో చస్తుంది. పక్కింటాయన చేతిలో గొట్టం అలాగే వుండిపోయింది. పాపం, ఆయన కళ్ళల్లోనూ నీళ్ళే.

అది నలుగుర్ని పిలిచి, చుక్కమ్మని పక్కకి ఒరిగిపోకుండా రొమ్ముమీద కూర్చోబెట్టించి, రెండువైపులా గడ్డిమోపులు ఆన్పించింది. ఈలోగా డాక్టరుగారికి ఫోను చేసింది. తనింకా విద్యార్థినే, సూది పట్టకూడదు. ఆయన మోటారుసైకిలుమీద వచ్చి, చూస్తూనే "పాలజ్వరం" అన్నారు. మెడనరానికి కాల్షియం సీసా ఎక్కించారు. "నెమ్మదిగా ఎక్కించాలమ్మా, తొందరపడితే గుండె ఆగిపోతుంది. నువ్వు విను" అని స్టెతస్కోపు దాని చేతికిచ్చారు. సీసా అయ్యేదాకా అది చుక్కమ్మ పక్కన బురదలో మోకాళ్ళమీద కూర్చుని ఆ గుండె వింటూనే వుంది. కాసేపటికి గేదె ఒళ్ళంతా సన్నగా వణికింది. తేన్చింది. పేడ వేసింది. పేడని చూసి అంతమంది సంతోషించడం నేనెన్నడూ చూడలేదు. ఇంకాసేపటికి ముందు వెనకకాళ్ళు లేపి, ఒక్క ఊపులో నిలబడింది.

పేరు పాలజ్వరమే గాని అందులో జ్వరం లేదట, ఒళ్ళు చల్లబడుతుందట. జున్నుపాలల్లోకి ఒంట్లో కాల్షియం ఒక్కసారిగా తరలిపోతుంది. ఎముకల్లో నిలవ వున్నది అంత తొందరగా అందిరాదు. ఈ రోగం వస్తే ఒకప్పుడు పశువుమీద ఆశ వదులుకోవడమే. 1897లో డెన్మార్కులో ష్మిట్ అనే పశువైద్యుడు పొదుగులోకి మందునీళ్ళు ఎక్కించి బతికించాడు. తర్వాత ఉత్తి గాలి కొట్టినా లేస్తున్నాయని గమనించారు. పొదుగు బిగిసి పాలు ఊరడం తగ్గితే కాల్షియం ఒంట్లోనే నిలుస్తుంది. రక్తంలో కాల్షియం తగ్గడమే అసలు కారణమని 1920ల్లో స్కాట్లండులో తేల్చారు. ఆ తెలివి మన పాకలోకి సీసా రూపంలో వచ్చేలోపల ఎన్ని ఆవులు, ఎన్ని గేదెలు ఆ మెడ అలాగే వంచుకుని పోయాయో!

అందరూ వెళ్ళిపోయాక అది పాకలో మూలకి వెళ్ళింది. అక్కడ పొట్టి పలుపుతో కట్టేసి వుంది చుక్కమ్మ దూడ. మగదూడ. డొక్కలు లోపలికి పోయి వున్నాయి.

"అమ్మమ్మా, దీనికి జున్నుపాలు పట్టావా?"

"చేపడానికి రెండు గుక్కలు వదిలానే. చాలదూ?"

చాలదట. మనుషుల బిడ్డ తల్లికడుపులో వుండగానే రోగాల్ని తట్టుకునే శక్తి కొంత తెచ్చుకుని పుడుతుంది. గేదెదూడ ఖాళీచేతులతో పుడుతుంది. మొదటి జున్నుపాలే దానికి టీకా. అదీ పుట్టిన మొదటి గంటల్లోనే పడాలి. ఒకరోజు దాటితే పేగు ఆ తలుపు మూసేసుకుంటుంది, తర్వాత ఎన్ని పాలు పోసినా ఆ రక్షణ రాదు. మనం బెల్లం వేసుకుని వండుకునేది దూడ ప్రాణానికి కట్టిన కంచె అన్నమాట. అందులో రెండు వడ్డనలు నావి.

మా అమ్మ మొహం చిన్నబోయింది. "అయితే ఇన్నేళ్ళూ నేను దూడల నోళ్ళు కొట్టాననా నువ్వనేది?"

"తెలియక అమ్మమ్మా."

మా అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. కాసేపు ఆలోచించి, "తెలిసినా ఏం చేసేదాన్నో చెప్పలేనే. ఆడదూడైతే రేపు పాలిస్తుందని కాస్త ఎక్కువ వదిలేదాన్ని. మగదూడకి వదిలితే దాణా డబ్బులెక్కణ్ణించి వస్తాయి? ట్రాక్టర్లొచ్చాక దున్నపోతుతో ఎవరికేం పని? ఏడాది తిరక్కుండా ఎవరో వచ్చి తోలుకుపోతారు. ఎక్కడికని మేం అడగం, వాళ్ళు చెప్పరు" అంది.

అది దూడ పలుపు విప్పుతూ, తలెత్తకుండానే అంది: "నాకు తెలుసు అమ్మమ్మా. అలాంటిదాన్నొకదాన్ని నేను చూశాను."

మా అమ్మకి ఆ మాట అర్థం కాలేదు. నాకైంది. అనాటమీ హాలు బల్లమీది దూడ ఆకాశంనించి ఊడిపడలేదు. ఇలాంటి ఏదో పాకలోంచే వెళ్ళింది. "ఎవర్నడిగారు?" అని ఆ రాత్రి అది అడిగినప్పుడు నేను కాలేజీవాళ్ళ తరఫున జవాబు వెతికాను. అసలు జవాబు చెప్పుకోవలసినవాళ్ళలో నేనూ వున్నాను. పాలు కొనే ప్రతి ఇల్లూ వుంది. ఆ బల్లమీద చేసేది వెలుతురులో చేస్తున్నారు, దాన్నించి ఏదో నేర్చుకుంటున్నారు. మనం చేసేది మన కాఫీగ్లాసుకి కనిపించనంత దూరంలో జరిగిపోతోంది, అంతే తేడా.

అప్పుడు నా పాత లెక్కలో తప్పెక్కడుందో తెలిసింది. "వెయ్యింటిని బతికిస్తావు" అన్నానే, ఆ మాటతో ఒకటికి వెయ్యి చెల్లిపోయిందనీ, ఖాతా మూసెయ్యొచ్చనీ నా ఉద్దేశం. ఆ పిల్ల ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఆ దూడ మనకిచ్చింది బాకీ. తిరిగి తీసుకోడానికి అది లేదు. అప్పిచ్చినవాడు పోతే పెద్దమనుషులేం చేస్తారు? వాడి పిల్లలకి కడతారు. చుక్కమ్మ లేచి నిలబడటం ఒక వాయిదా. అసలు తీరదు. తీరిపోయిందనుకున్ననాడే మనసు మొద్దుబారుతుంది. ఇంకా వుందనుకున్నన్నాళ్ళు చెయ్యి వణక్కపోయినా మనసు మెత్తగానే వుంటుంది.

"నాకు జంతువులంటే ప్రాణం" అనడం తేలిక. ప్రేమించానన్నవాళ్ళని ఎవరూ లెక్క అడగరు. చుక్కమ్మ నోట్లో గొట్టం పెట్టబోయినాయనదీ ప్రేమే. బాకీ వున్నానన్నవాడు మాత్రం ఏం తీసుకున్నానో, ఏం తిరిగి ఇచ్చానో చూసుకుంటూ వుండాలి. ముఖ్యంగా, అనవసరంగా ఇంకో అప్పు చెయ్యకూడదు. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు రాసింది ఇంచుమించు ఈ సూత్రమే. జంతువు లేకుండా జరిగే ప్రయోగమైతే జంతువుని వాడొద్దు, తప్పకపోతే తక్కువ వాటిని వాడు, వాడినవాటికి బాధ తగ్గించు. మా కాలేజీలో కప్పల్ని కోసిన పిల్లల్లో చాలామందికి ఆ తర్వాత కప్పతో పనే పడలేదు. అది ఉత్తి దండగ అప్పు. 2014లో యు.జి.సి. జువాలజీ క్లాసుల్లో ఆ కోతలు మానెయ్యమంది, మంచిపని చేసింది. పశువైద్యుడికి మాత్రం అసలు శరీరం తెలియకుండా కుదరదు. అందుకని అమెరికాలో కొన్ని పశువైద్య కళాశాలలు జబ్బుచేసి పోయిన పెంపుడు జంతువుల శరీరాల్ని యజమానులు దానంగా ఇస్తే వాటితో పాఠం చెబుతున్నాయి.

మన దేశంలో రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకి వెళ్ళి మూగజీవాలకోసం బిల్లు పెట్టారు. నాట్యానికి గుడి కట్టిన చేతులే ఆ పనీ చేశాయి. చివరికి 1960లో చట్టం వచ్చింది. జంతువుని హింసించడం నేరమన్న ఆ చట్టమే, జ్ఞానంకోసం చేసే ప్రయోగాలకి కొన్ని షరతులతో దారీ ఇచ్చింది. చట్టం గుండెలోనూ ఆ ఫ్రెంచి దంపతుల కాపురమే!

మగదూడల సంగతికీ సైన్సు ఒక దారి చూపిస్తోందట. నూటికి తొంభై దాకా ఆడదూడలే పుట్టేట్టు వేరుచేసిన వీర్యం ఇప్పుడు మన రైతులకి దొరుకుతోంది. అక్కర్లేదనిపించుకోడానికే పుట్టే ప్రాణి అసలు పుట్టకుండా చూడటమన్నమాట. అది వింటే నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. కడుపులో వున్నది ఆడపిల్లో కాదో చూడకూడదని 1994లో చట్టం చేసుకోవలసి వచ్చిన దేశం మనది. ఆడపిల్ల కావాలని మనం ఇంత ఖర్చుపెట్టడం గేదె విషయంలోనే! రెండుచోట్లా మనం అడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల నాకేమిటి లాభం?

మా అమ్మాయి ఇప్పుడు నాలుగో ఏడు దాటింది. చదువు మానేస్తానని మళ్ళీ అనలేదు. "అలవాటైపోయిందా?" అని ఒకసారి అడిగాను. "చేతులకి అయింది పిన్నీ" అంది.

ఈమధ్య చుక్కమ్మ మళ్ళీ ఈనింది. మళ్ళీ మగదూడే. ఊరినించి వచ్చే మనిషిచేత అమ్మ జున్ను పంపించింది. ఎప్పుడూ పెద్ద స్టీలుడబ్బా వచ్చేది. ఈసారి వచ్చింది చిన్న గిన్నె. "ఇంతే మిగిలిందని చెప్పమన్నారండీ. మొదటిపూట పాలు దూడకే వదిలేశారు" అన్నాడతను.

మా ఇంట్లో నలుగురం, తలా రెండు చెంచాలు వచ్చింది. ఇంకా కావాలని ఎవరూ అడగలేదు.